ఎంహెచ్370 దక్షిణానికే వెళ్లిందని ఎలా తెలిసింది?

ప్రశ్న: 2014 మార్చి 8న 239 మందితో మాయమైన మలేషియా విమానం హిందూ మహాసముద్రం వైపు వెళ్లిందని ఎలా చెప్పారండీ?

జవాబు: రాడార్‌కు అందకుండా పోయాక కూడా ఆ విమానం ఇన్మార్‌శాట్ ఉపగ్రహానికి దాదాపు గంటకోసారి జవాబిస్తూనే ఉంది. అందులో విమానం ఎక్కడుందన్న సమాచారం లేదు, కానీ జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలిసింది, అంటే భూమ్మీద ఒక పెద్ద వలయం గీసి దాని మీదే ఎక్కడో ఉందనొచ్చు. ఉత్తరమా, దక్షిణమా? దగ్గరికొచ్చే రైలు కూత మారినట్టు, విమానం కదలికను బట్టి సిగ్నల్ ఫ్రీక్వెన్సీ కూడా మారుతుంది. ఉపగ్రహం కూడా కాస్త ఉత్తర దక్షిణాలకు ఊగుతుంది కాబట్టే ఉత్తర దారికి, దక్షిణ దారికి మధ్య తేడా దొరికింది, లెక్క దక్షిణ దారికే సరిపోయింది, నాకైతే అసలు అద్భుతం ఇదే. చివరి సిగ్నల్ మలేషియా టైమ్ ఉదయం 8:19కి. 2015 జులైలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి ఆ విమానం రెక్క ముక్క కొట్టుకొచ్చింది, విమానం మాత్రం ఇంకా దొరకలేదు, ఆ కుటుంబాలు ఎదురుచూస్తూనే ఉన్నాయి.