నెట్‌యాప్‌లో ఆటోసపోర్ట్ ఆన్ చేశాక కూడా "ట్రాన్స్‌మిషన్ ఫెయిల్డ్" వస్తుంటే ఎక్కడ చూడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నెట్‌యాప్ స్టోరేజ్, దాని సాఫ్ట్‌వేర్ ఆన్‌ట్యాప్ 9 నడిచే రెండు నోడ్ల (కలిసి పనిచేసే రెండు కంట్రోలర్ల) క్లస్టర్. పాత అడ్మిన్ మానేసి వెళ్ళాక మీ చేతికొచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్ (కమాండ్ లైన్ లాగిన్) తప్ప సిస్టమ్ మేనేజర్ అనే వెబ్ పేజీ తెరిచే వీలు లేదు. ఆటోసపోర్ట్ (స్టోరేజ్ తన స్థితిని నెట్‌యాప్‌కు, మీ టీమ్‌కు తానే పంపే ఏర్పాటు) ఆన్ చేయమన్నారు, మాడిఫై కమాండ్ కొట్టారు, ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ హిస్టరీలో ట్రాన్స్‌మిషన్ ఫెయిల్డ్ అని ఉంది, మీ టీమ్‌కు మెయిల్ కూడా రాలేదు.

మీరు కొట్టిన కమాండ్‌లో తప్పేమీ ఉండకపోవచ్చు. మాడిఫై చేసేది సెట్టింగ్ రాసుకోవడం వరకే. బయటికి దారి ఉందా లేదా అన్నది దానికి పట్టదు, అందుకే ఎర్రర్ రాదు. హైదరాబాద్‌లో క్లయింట్ల దగ్గర స్టోరేజ్ పని చేస్తూ నేను చూసిన వాటిలో ముప్పాతిక వంతు గొడవ డీఎన్‌ఎస్ (పేరును ఐపీగా మార్చేది), ఫైర్‌వాల్, ప్రాక్సీ (బయటికి వెళ్ళే ట్రాఫిక్ దాటే మధ్య సర్వర్) ఈ మూడింట్లోనే ఉంటుంది. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టైప్ చేసేది మామూలుగా ఇంగ్లీషులోనే. ఎక్కడైనా డౌట్ వస్తే ట్యాబ్ నొక్కండి, ఆన్‌ట్యాప్ షెల్ పూర్తి చేస్తుంది.

ముందు ఇప్పుడు ఏముందో చూడండి: సిస్టమ్ నోడ్ ఆటోసపోర్ట్ షో -నోడ్ * -ఇన్‌స్టన్స్. రెండు నోడ్లకూ విడివిడిగా పొడుగాటి జాబితా వస్తుంది. అందులో స్టేట్ వేరు, సపోర్ట్ వేరు, చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. స్టేట్ అంటే ఆటోసపోర్ట్ అసలు పనిచేయాలా అని. సపోర్ట్ అంటే ఆ మెసేజ్‌లు నెట్‌యాప్‌కు వెళ్ళాలా అని. స్టేట్ ఎనేబుల్ ఉండి సపోర్ట్ డిసేబుల్ ఉందంటే, ఎవరో సెక్యూరిటీ ఆడిట్ అప్పుడు బయటికి పోకుండా ఆపేసి అలాగే వదిలేశారన్నమాట. మీ టీమ్‌కు మెయిల్ వెళ్తుంది, నెట్‌యాప్‌కు వెళ్ళదు. డిఫాల్ట్‌గా రెండూ ఆన్‌లోనే ఉంటాయి. కొత్త సిస్టమ్ అయితే మొదలుపెట్టిన 24 గంటల తర్వాత దానంతటదే పంపడం మొదలవుతుంది. డిసేబుల్ అని కనిపించిందంటే మాత్రం ఎవరో చేత్తో చేసిందే.

ఇక మాడిఫై లైన్. నేను కొట్టేది ఇలా ఉంటుంది: సిస్టమ్ నోడ్ ఆటోసపోర్ట్ మాడిఫై -నోడ్ * -స్టేట్ ఎనేబుల్ -సపోర్ట్ ఎనేబుల్ -ట్రాన్స్‌పోర్ట్ హెచ్‌టీటీపీఎస్ -మెయిల్-హోస్ట్స్ మీ మెయిల్ సర్వర్ -ఫ్రమ్ మీ డొమైన్ అడ్రస్ -టూ మీ టీమ్ అడ్రస్. నోడ్ దగ్గర స్టార్ మరిచిపోవద్దు. ఈ సెట్టింగ్ నోడ్‌కు నోడ్‌కు వేరుగా ఉంటుంది. ఒక నోడ్ పేరు రాసి ఎంటర్ కొడితే రెండోది పాత సెట్టింగ్‌తోనే ఉండిపోతుంది.

మీకు మెయిల్ ఎందుకు రాలేదో నాకు దాదాపు తెలిసినట్టే ఉంది. ట్రాన్స్‌పోర్ట్ హెచ్‌టీటీపీఎస్ పెట్టాం కదా, ఇంక మెయిల్ సర్వర్‌తో పనేముంది అనుకుంటారు. ట్రాన్స్‌పోర్ట్ అన్నది నెట్‌యాప్‌కు వెళ్ళే మెసేజ్‌కు మాత్రమే. -టూ లో పెట్టిన అడ్రస్‌లకు వెళ్ళేది ఎప్పుడూ ఎస్‌ఎంటీపీ (మామూలు మెయిల్ పద్ధతి) మీదే వెళ్తుంది. మెయిల్-హోస్ట్స్ ముట్టుకోకపోతే అక్కడ డిఫాల్ట్‌గా "మెయిల్‌హోస్ట్" అనే పేరు ఉంటుంది, మీ డీఎన్‌ఎస్‌లో ఆ పేరుతో ఏ మెషీనూ ఉండదు. ఫ్రమ్ దగ్గర "పోస్ట్‌మాస్టర్" అని ఉంటుంది. డొమైన్ లేని పంపినవారి పేరు చూసి చాలా మెయిల్ సర్వర్లు గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి. ఈ రెండూ సరిచేసి, మెయిల్ టీమ్‌కు రెండు నోడ్ల మేనేజ్‌మెంట్ ఐపీలు ఇచ్చి రిలే అనుమతి (వాటి నుంచి వచ్చే మెయిల్‌ను ముందుకు పంపే అనుమతి) అడగండి. -టూ లో ఐదు అడ్రస్‌ల వరకు పెట్టొచ్చు. ఒక మనిషి అడ్రస్ మాత్రం పెట్టకండి, గ్రూప్ అడ్రస్ పెట్టండి. మీ పాత అడ్మిన్ అడ్రస్ ఇప్పటికీ అక్కడే ఉందేమో చూసుకోండి, ఉంటుందనే నా పందెం.

ట్రాన్స్‌పోర్ట్‌గా ఎస్‌ఎంటీపీ పెట్టుకుంటే సరిపోదా అని మెయిల్ సర్వర్ ఒక్కటే తెరిచి ఉన్న చోట్ల అడుగుతుంటారు. నేనైతే వద్దనే అంటాను. ఎస్‌ఎంటీపీలో సైజు పరిమితి డిఫాల్ట్‌గా 5 ఎంబీ, హెచ్‌టీటీపీ వైపు 50 ఎంబీ. ఆఫీసు మెయిల్ ఫిల్టర్లకు జిప్ అటాచ్‌మెంట్ అంటే మొదటినుంచీ పడదు. పైగా ఆటోసపోర్ట్ ఆన్‌డిమాండ్ హెచ్‌టీటీపీఎస్ మీదే పనిచేస్తుంది. అది ఉంటే కేసు నడుస్తున్నప్పుడు సపోర్ట్ ఇంజనీర్ కావలసిన లాగ్‌లు తానే అడిగి తెప్పించుకుంటాడు. లేకపోతే రాత్రి ఒంటిగంటకు "ఫలానా లాగ్ పంపండి" అని మీకే ఫోన్.

ఇక ఫెయిల్ ఎందుకవుతోందో. ముందు సిస్టమ్ నోడ్ ఆటోసపోర్ట్ చెక్ షో-డీటెయిల్స్ -నోడ్ * కొట్టండి. హెచ్‌టీటీపీఎస్ దారి, మెయిల్ దారి, ఆన్‌డిమాండ్ దారి ఒక్కొక్కటీ తనంతట తానే పరీక్షించి ఏది ఆగిందో చెబుతుంది. చాలామందికి ఈ కమాండ్ ఉందనే తెలియదు, నేరుగా ఫైర్‌వాల్ టీమ్ మీద పడతారు.

తర్వాత ఒక టెస్ట్ మెసేజ్ పంపండి: సిస్టమ్ నోడ్ ఆటోసపోర్ట్ ఇన్వోక్ -నోడ్ * -టైప్ టెస్ట్ -మెసేజ్, ఆ తర్వాత కొటేషన్లలో మీకు నచ్చిన మాట. రోజువారీ మెసేజ్‌లు సిస్టమ్ టైమ్ ప్రకారం రాత్రి 12, 1 మధ్య వెళ్తాయి. అప్పటిదాకా కూర్చోనక్కర్లేదు. రెండు నిమిషాలు ఆగి సిస్టమ్ నోడ్ ఆటోసపోర్ట్ హిస్టరీ షో -నోడ్ * చూడండి. ఒక్కో సీక్వెన్స్ నంబర్ కింద ఎస్‌ఎంటీపీ, హెచ్‌టీటీపీ, నోట్‌టూ (పొట్టి మెసేజ్ వెళ్ళేది) అని మూడు వరుసలు కనిపిస్తాయి. హెచ్‌టీటీపీఎస్‌లో పంపినా అక్కడ హెచ్‌టీటీపీ అనే ఉంటుంది, కంగారుపడొద్దు. ఇగ్నోర్ అని ఉంటే అది తప్పు కాదు, ఆ వైపు ఎవరినీ పెట్టలేదని అర్థం. సెంట్-సక్సెస్‌ఫుల్ రావాలి. రీ-క్యూడ్ అని ఉంటే ఒకసారి ఆగిపోయి మళ్ళీ ప్రయత్నిస్తోందన్నమాట. 4 నిమిషాలకోసారి, 15 సార్లు, డిఫాల్ట్‌గా. అన్నీ అయ్యాక ట్రాన్స్‌మిషన్-ఫెయిల్డ్ అని పడుతుంది. అంటే దాదాపు గంటసేపు కొట్టుకుని వదిలేసిందన్నమాట.

ఆ ఫెయిలైన సీక్వెన్స్ నంబర్ పట్టుకుని అదే హిస్టరీ షో కమాండ్‌కు -సీక్-నమ్ ఇచ్చి చివర -ఇన్‌స్టన్స్ చేర్చండి. లాస్ట్ ఎర్రర్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది. మీకు కావలసిందంతా ఆ ఒక్క వరుసలోనే ఉంది. మీ ప్రశ్నలో అదే పెట్టలేదు!

అక్కడ హోస్ట్ పేరు రిజాల్వ్ కాలేదని ఉంటే డీఎన్‌ఎస్. వీసర్వర్ సర్వీసెస్ నేమ్-సర్వీస్ డీఎన్‌ఎస్ షో కొట్టి చూడండి. సిఫ్స్ (విండోస్ ఫైల్) షేర్లు ఉన్న చోట డేటా ఎస్‌వీఎమ్‌కు (ఫైళ్ళు అందించే వర్చువల్ సర్వర్‌కు) డీఎన్‌ఎస్ పెట్టే ఉంటారు, లేకపోతే డొమైన్‌లో చేరదు కదా. ఆటోసపోర్ట్‌కు కావలసింది అది కాదు, అడ్మిన్ ఎస్‌వీఎమ్‌ది, అంటే మీ క్లస్టర్ పేరుతోనే ఉండేది. ఆ వరుస లేకపోతే డీఎన్‌ఎస్ క్రియేట్‌తో పెట్టండి, తర్వాత డీఎన్‌ఎస్ చెక్ కొట్టి సర్వర్లు పలుకుతున్నాయో లేదో చూడండి.

కనెక్ట్ కాలేదనో టైమ్ అవుట్ అనో ఉంటే ఫైర్‌వాల్. ఇక్కడ ఒక విషయం కాస్త వివరంగా చెప్పాలి. ఫైర్‌వాల్ వాళ్ళకు టికెట్ పెట్టేటప్పుడు అందరూ క్లస్టర్ మేనేజ్‌మెంట్ ఐపీ ఇస్తారు, రోజూ లాగిన్ అయ్యేది దానిమీదే కాబట్టి. ఆటోసపోర్ట్ మాత్రం ఒక్కో నోడ్ నుంచి ఆ నోడ్ మేనేజ్‌మెంట్ లిఫ్ (ఆ నోడ్ సొంత ఐపీ ఉన్న ఇంటర్‌ఫేస్) మీదుగా వెళ్తుంది. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ షో కొట్టి నోడ్ మేనేజ్‌మెంట్ ఐపీలన్నీ తీసుకోండి, వాటన్నిటి నుంచి సపోర్ట్ డాట్ నెట్‌యాప్ డాట్ కామ్‌కు 443 పోర్ట్ తెరవమని రాయండి. క్లస్టర్ ఐపీ కూడా చేరిస్తే నష్టం లేదు. గచ్చిబౌలిలో ఒక క్లయింట్ దగ్గర ఒకటో నోడ్ నుంచి అన్నీ సక్సెస్, రెండో నోడ్ నుంచి అన్నీ ఫెయిల్. రూల్‌లో ఒక్క ఐపీయే ఉంది. "ఒకటి వెళ్తోంది కదా, చాలు" అన్నారు అక్కడి నెట్‌వర్క్ మేనేజర్. ఒకటో నోడ్ పడిపోయి రెండోది టేకోవర్ చేసుకున్న రోజున ఆ సంగతి బయటికి చెప్పాల్సింది రెండో నోడే. దాని నోరు మూసేసి ఉంచితే, అసలు అవసరమైన రోజునే కబురు వెళ్ళదు. ఈ మాట చెప్పాక రూల్ అదే సాయంత్రం మారింది.

సర్టిఫికెట్ గురించి ఏదైనా ఉంటే రెండు అనుమానాలు. మొదటిది గడియారం. క్లస్టర్ డేట్ షో కొట్టి టైమ్ సరిగ్గా ఉందా, ఎన్‌టీపీ సర్వర్ (టైమ్ సరిచేసే సర్వర్) పెట్టి ఉందా చూడండి. టైమ్ బాగా తప్పితే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనిదిగా కనబడుతుంది. రెండోది ప్రాక్సీ మధ్యలో దూరి ట్రాఫిక్ విప్పి చూడడం. బ్యాంకింగ్, ఫైనాన్స్ ఆఫీసుల్లో ఇది మామూలే. అక్కడ స్టోరేజ్‌కు కనిపించేది నెట్‌యాప్ సర్టిఫికెట్ కాదు, మీ కంపెనీ ప్రాక్సీ తయారుచేసింది. కాబట్టి నమ్మదు. దీనికి మీ కంపెనీ రూట్ సర్టిఫికెట్‌ను సెక్యూరిటీ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ -టైప్ సర్వర్-సీఏ తో క్లస్టర్‌లో పెట్టొచ్చు, లేదా ఆ ఒక్క అడ్రస్‌కు ఇన్‌స్పెక్షన్ మినహాయింపు అడగొచ్చు. నా ఓటు మినహాయింపుకే. రూట్ సర్టిఫికెట్ గడువు ఏదో ఒక రోజు తీరుతుంది, అప్పుడు స్టోరేజ్‌లో కూడా మార్చాలని ఎవరికీ గుర్తుండదు. సర్టిఫికెట్ తనిఖీయే ఆపేసే పారామీటర్ కూడా ఒకటుంది, దాని జోలికి వెళ్ళకండి.

ప్రాక్సీ ఉంటే మాడిఫైలో -ప్రాక్సీ-యూఆర్‌ఎల్ ఇవ్వాలి. ముందు హెచ్‌టీటీపీ కోలన్ స్లాష్‌లు పెట్టకుండా నేరుగా హోస్ట్ పేరు, కోలన్, పోర్ట్. లాగిన్ అడిగే ప్రాక్సీ అయితే యూజర్, కోలన్, పాస్‌వర్డ్, ఎట్ గుర్తు, ఆ తర్వాత హోస్ట్. ఆ యూజర్ సర్వీస్ అకౌంట్ అయ్యుండాలి. 90 రోజులకోసారి పాస్‌వర్డ్ మారే ఉద్యోగి ఐడీ పెడితే, మూడు నెలలకోసారి ఇదే ప్రశ్న మళ్ళీ అడగాల్సి వస్తుంది.

సెక్యూరిటీ వాళ్ళు "మా డేటా బయటికి పోతుందా" అని తప్పకుండా అడుగుతారు. మీ ఫైళ్ళలో ఉన్నది ఏదీ పోదు. వెళ్ళేది కాన్ఫిగరేషన్, లాగ్‌లు, డిస్కుల ఆరోగ్యం, పనితీరు లెక్కలు. వాళ్ళు నమ్మకపోతే సిస్టమ్ నోడ్ ఆటోసపోర్ట్ మానిఫెస్ట్ షో కొట్టి, ఏ మెసేజ్‌లో ఏ ఫైళ్ళు వెళ్ళాయో కాగితం మీద పెట్టండి. నేను మాటలతో ఒప్పించడం మానేసి చాలా రోజులైంది, మానిఫెస్ట్ చూపిస్తే మీటింగ్ పది నిమిషాల్లో తేలిపోతుంది. ఐపీలు, వాల్యూమ్ పేర్లు కూడా వెళ్ళకూడదంటే -రిమూవ్-ప్రైవేట్-డేటా ట్రూ ఉంది. అయితే అది ట్రూ చేసిన క్షణంలో పాత ఆటోసపోర్ట్ హిస్టరీ, ఆ ఫైళ్ళు చెరిగిపోతాయి. కేసు ఏదైనా నడుస్తుంటే అప్పుడు మాత్రం చేయకండి. పేర్లన్నీ ముసుగేసుకుని వెళ్తే ఏ వాల్యూమ్ గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోవడం ఇంజనీర్‌కూ కష్టమే.

బయటికి అసలు నెట్ లేని సైట్ అయితే స్టేట్ ఎనేబుల్‌గానే ఉంచండి. మెసేజ్ తయారై నోడ్‌లోనే ఉంటుంది, దాన్ని దించుకుని వేరే మెషీన్ నుంచి సపోర్ట్ సైట్‌లో అప్‌లోడ్ చేయొచ్చు. డిసేబుల్ చేస్తే ఆ సౌకర్యమూ పోతుంది.

అన్నీ కుదిరాక మీకు త్వరలో పనికొచ్చేది ఒకటుంది. డిస్క్ పోయిందనో నోడ్ పడిందనో మెసేజ్ వెళ్తే, సపోర్ట్ కాంట్రాక్ట్ ఉన్న సిస్టమ్‌కు దానంతటదే కేసు తెరుచుకుంటుంది. మీరు రాత్రి అప్‌గ్రేడ్ చేస్తూ నోడ్ రీబూట్ చేసినా అంతే. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఇన్వోక్ -నోడ్ * -టైప్ ఆల్ -మెసేజ్ మెయింట్=4హెచ్ అని పంపండి. 4 అంటే గంటలు, 72 దాకా ఇవ్వొచ్చు. పని ముందే అయిపోతే మెయింట్=ఎండ్. చాలామంది ఈ రెండోది పంపరు. మిగిలిన గంటల్లో నిజంగా డిస్క్ పోయినా కేసు తెరుచుకోదు.

ఇంకొకటి, ఇది కమాండ్ లైన్‌లో దొరకదు. సపోర్ట్ సైట్‌లో మీ సీరియల్ నంబర్ల ఎదురుగా ఉన్న చిరునామా, ఫోన్ నంబర్ చూసుకోండి. మాదాపూర్ నుంచి వేరే బిల్డింగ్‌కు మారిన ఒక ఆఫీసులో ఆటోసపోర్ట్ వెళ్ళింది, కేసు తెరుచుకుంది, డిస్క్ కూడా చెప్పిన టైమ్‌కే వచ్చింది, కాకపోతే పాత బిల్డింగ్ సెక్యూరిటీ గదికి. అక్కడున్నాయన సంతకం పెట్టి తీసుకున్నాడు కూడా. దాన్ని వెతికి పట్టుకునేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

చెక్ షో-డీటెయిల్స్ అవుట్‌పుట్, ఫెయిలైన మెసేజ్ లాస్ట్ ఎర్రర్ వరుస ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. పెట్టేముందు ఐపీలు, సీరియల్ నంబర్లు, ప్రాక్సీ పాస్‌వర్డ్ తీసేయండి.