వేరే గ్రూపు రక్తం ఎక్కిస్తే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. తుంటి ఆపరేషన్ అయ్యాక మా నాన్నకి ప్రైవేటు ఆసుపత్రిలో బి పాజిటివ్ రక్తం ఎక్కించారు. ఆయనది ఓ పాజిటివ్. పావుగంటలో వణుకు, నడుం నొప్పి, తర్వాత మూత్రం ఎర్రగా. రెండుసార్లు డయాలసిస్ చేశారు. ఇప్పుడు కోలుకున్నారు. "రియాక్షన్లు మామూలే, మనిషి బాగానే ఉన్నాడుగా" అంటూ ఫైల్ ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

జవాబు: వేయొచ్చు, వేయండి. అన్నీ సరిచూసి ఎక్కించినా ఒక్కోసారి జ్వరమో దద్దుర్లో వస్తాయి, దానికి ఎవర్నీ తప్పుపట్టలేం. గ్రూపు మారడం అలాంటిది కాదు. శాంపిల్ ట్యూబు మీద పక్క బెడ్డు పేషెంటు పేరైనా రాసి ఉండాలి, లేదా సంచి తగిలించే ముందు దాని మీది లేబుల్నీ మీ నాన్నగారి చేతి బ్యాండ్‌నీ పక్కపక్కన పెట్టి ఇద్దరు చదవాల్సింది చదవకుండా వదిలేసి ఉండాలి. రెండు నిమిషాలు పట్టని పని అది, కిడ్నీల మీదికి తెచ్చింది.

చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రిలో 1996లో ఏ పాజిటివ్ గ్రూపు మహిళకి బి పాజిటివ్ ఎక్కించారు, ఆమె చనిపోయారు. 2009లో సుప్రీంకోర్టు ఇది డాక్టరు అంచనా తప్పడం కాదు, కచ్చితంగా నిర్లక్ష్యమేనని చెప్పింది. మీ నాన్నగారు బతికారు కాబట్టి పరిహారం లెక్క మారొచ్చు గానీ తప్పు తప్పు కాకుండా పోదు.

ముందు ఫైల్ సంగతి. సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా అడగండి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం రోగికి సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) రిపోర్టు, రక్తం సంచి నంబరు, ఎక్కించిన టైము రాసిన నర్సింగ్ నోట్స్, రియాక్షన్ వచ్చాక బ్లడ్‌బ్యాంకు చేసిన పరీక్షల కాగితాలు, ఇవన్నీ పేరుపేరునా రాయండి. ఆలస్యం చేయకండి, రక్తం శాంపిళ్లు ఎక్కువ రోజులు దాచరు. చట్టం దృష్టిలో రక్తం మందే, అందుకే డ్రగ్స్ కంట్రోల్ అధికారులకీ ఫిర్యాదు ఇవ్వండి.

ఇక జిల్లా వినియోగదారుల కమిషన్. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి, మీరు ఉండే చోటే వేయొచ్చు, ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. "ఫైల్ ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అంటే చదవకుండా పెట్టకండి, ఇక ఏ అభ్యంతరమూ లేదని అందులోనే రాయించుకుంటారు. డయాలసిస్ బిల్లులు, ఆటో ఖర్చులు, మీరు సెలవు పెట్టి పోగొట్టుకున్న జీతం, అన్నీ లెక్క రాసి పెట్టుకోండి, అవీ అడుగుదాం.