మనసు బాగుందని షుగర్ మాత్రలు ఆపేశారా?

ప్రశ్న: నా వయసు 48. మాది ఖమ్మం, ఎరువుల దుకాణం నడుపుతున్నాను. నాలుగేళ్లుగా షుగర్, రెండేళ్లుగా బీపీ ఉన్నాయి. ఆరు నెలల కిందట పాజిటివ్ థింకింగ్ క్లాసుల్లో చేరాను. అప్పటి నుంచి పొద్దున్నే నడుస్తున్నాను, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నాను. నాలుగు కిలోలు తగ్గాను. ఫాస్టింగ్ షుగర్ 118 వచ్చేసరికి రెండు నెలల కిందట షుగర్ మాత్రలు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, వాటితోపాటు బీపీ మాత్ర అన్నీ ఆపేశాను. రోజూ అద్దం ముందు నిలబడి ‘నాకు షుగర్ లేదు’ అని చెప్పుకుంటున్నాను. రాత్రిళ్లు అరికాళ్లు కొంచెం తిమ్మిరిగా, మంటగా ఉంటున్నాయి. అదీ తగ్గుతుందని నమ్ముతున్నాను. మా ఆవిడ పరీక్షలు చేయించుకోమని ఒకటే పోరు. నెగెటివ్‌గా మాట్లాడొద్దని చెబుతున్నాను. షుగర్ పూర్తిగా పోవాలంటే ఈ సాధన రోజుకు ఎన్ని నిమిషాలు, ఎన్నాళ్లు చేయాలి? 21 రోజులు చాలని క్లాసులో చెప్పారు.

జవాబు: సాధన సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసినదాంట్లో నాకు కంగారు పుట్టించినవి రెండు: మాత్రలు ఆపేయడం, అరికాళ్ల తిమ్మిరి. ముందు వాటి గురించే చెబుతాను.

118 మంచి నంబరే. అయితే అది మాత్రలు వేసుకుంటున్న రోజుల్లో వచ్చింది. ఆపేశాక ఎంత ఉందో మీరు రాయలేదు, బహుశా చూసుకోలేదు. పైగా ఫాస్టింగ్ ఒక్కటి చూసి షుగర్ కుదురుకుందని చెప్పలేం. తిన్న రెండు గంటలకు ఎంత ఉందో చూడాలి, హెచ్‌బీఏ1సీ చూడాలి. అది గత రెండు మూడు నెలల్లో షుగర్ సగటున ఎంత ఉందో చెబుతుంది. మీరు మాత్రలు ఆపి రెండు నెలలైంది కాబట్టి ఇప్పుడు చేయిస్తే అసలు లెక్క తెలిసిపోతుంది. దాంతోపాటు కిడ్నీల పరిస్థితి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు, కంటి రెటీనా పరీక్ష, బీ12 విటమిన్ పరీక్ష కూడా చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 తగ్గుతుంది, దానివల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. మీది షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న తిమ్మిరా, బీ12 లోపమా, రెండూనా అన్నది కాళ్లు పరీక్షించి చెప్పాల్సిందే. మెడికల్ షాపులో అడిగి బీ కాంప్లెక్స్ తెచ్చుకుని సరిపెట్టుకోకండి.

ఇది చదివి ఈ రాత్రే పాత డోసు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. మీరు బరువు తగ్గారు, రాత్రి భోజనం మార్చారు. గ్లిమిపిరైడ్ పాత డోసులోనే వేసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. ఏది కొనసాగించాలి, ఏది తగ్గించాలి అన్నది రేపో ఎల్లుండో మీ డాక్టరు దగ్గరకు వెళ్లి తేల్చుకోండి. మీరు పడిన శ్రమ వల్ల మాత్రలు తగ్గే అవకాశం నిజంగానే ఉంది. కానీ తగ్గించే పద్ధతి వేరు: ఒక్కోటి తగ్గిస్తూ, ప్రతిసారీ నంబరు చూసుకుంటూ తగ్గించాలి.

బీపీ మాత్ర ఆపేయడం నన్ను ఇంకా ఎక్కువ భయపెడుతోంది. బీపీ పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు. ఒంట్లో హాయిగా ఉందన్న మాటను బీపీ విషయంలో నమ్మలేం. బీపీ మాత్రం ఈరోజే చూపించుకోండి. 180/120 దాటినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, కాలూ చెయ్యీ పట్టు తప్పడం లాంటివి ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇరవై ఏళ్లుగా ఓపీలో ఇదే చూస్తున్నాను. మాత్రలు పడక మానేసేవాళ్ల కంటే బాగుందని మానేసేవాళ్లే ఎక్కువ. రిపోర్టు బాగుందంటే ఆ మాత్రలు పని చేస్తున్నాయని కదా అర్థం! మీలాగే కాళ్ల తిమ్మిరిని పట్టించుకోని ఒకాయన మండుటెండలో గుడి చుట్టూ చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు చేశారు. స్పర్శ లేక బొబ్బలు తెలియలేదు. పసుపు రాసి, తగ్గుతుందిలే అని పదిహేను రోజులు ఆగారు. మా దగ్గరకు వచ్చేసరికి బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. ఆయన కూడా మంచి ధైర్యవంతుడే. ఆ పదిహేను రోజులే ఆయన్ని దెబ్బతీశాయి.

ఇక మీ సాధన. దాన్ని మానేయమని నేను అనను. టెన్షన్‌లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరిగి, కాలేయం దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. మనసు నెమ్మదిస్తే నిద్ర పడుతుంది, కనపడిందల్లా నోట్లో వేసుకునే గుణం తగ్గుతుంది. ఆశగా ఉండేవాళ్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయన్న పరిశోధనలూ ఉన్నాయి. అలాంటివాళ్లు సాధారణంగా ఎక్కువ నడుస్తారు, పొగతాగడం తక్కువ. కాబట్టి ఆ మేలులో ఆలోచన వాటా ఎంత, అలవాట్ల వాటా ఎంత అని విడదీయడం కష్టం. మీ విషయంలో మాత్రం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. ‘నేను మారగలను’ అన్న నమ్మకం మిమ్మల్ని పొద్దున్నే లేపింది, నడక నాలుగు కిలోలు తగ్గించింది. అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద చేసి 2002లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల వ్యాయామం, కాస్త బరువు తగ్గడం వల్ల షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. నడకకు అంత బలం ఉంది.

‘నాకు షుగర్ లేదు’ అన్న మాట మాత్రం మార్చుకోండి. 1991లో వచ్చిన ఒక చిన్న పరిశోధన నాకు తరచూ గుర్తొస్తుంది. బరువు తగ్గాలని చేరిన 25 మంది స్త్రీలలో, తగ్గగలమని నమ్మినవాళ్లు బాగా తగ్గారు. అప్పుడే సన్నబడిపోయినట్టు తియ్యగా ఊహించుకుంటూ ఉన్నవాళ్లు తక్కువ తగ్గారు. మీరు అద్దం ముందు చేస్తున్నది ఆ రెండో రకం. ‘నాకు షుగర్ ఉంది, దాన్ని అదుపులో పెట్టుకోగలను’ అనుకోండి. అలా అనుకున్న మనిషి మాత్ర వేసుకుంటాడు, పరీక్ష చేయించుకుంటాడు.

ఎన్నాళ్లు అని అడిగారు. 21 రోజుల లెక్కకు ఆధారం లేదు. లండన్‌లో 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త అలవాటు కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల దాకా లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. పెళ్లిలో బిరియానీ తిన్నారనుకోండి, ‘ఎలాగూ పాడైంది’ అని వారమంతా వదిలేయకండి. మర్నాడు పొద్దున నడకకు వెళ్లండి.

మీ ఆవిడ గురించి ఒక మాట. పరీక్ష చేయించుకోమనడం నెగెటివ్ ఎలా అవుతుంది? ఇంటిల్లిపాదిలో మీ కాళ్ల గురించి భయపడింది ఆమె ఒక్కతే. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆమెను తీసుకెళ్లండి. మాత్రలు ఎప్పుడు ఆపారో, తిమ్మిరి ఎప్పుడు మొదలైందో ఆమె సరిగ్గా చెబుతారు.

మిమ్మల్ని చూడకుండా, రిపోర్టులు లేకుండా రాస్తున్నాను. మీ డాక్టరు పరీక్షించి చెప్పిందే మీకు లెక్క. అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. కాళ్ల మీద వేడినీళ్లు పోసుకునే ముందు మోచేత్తో వేడి చూడండి. రాత్రి పడుకునే ముందు వేళ్ల సందులతో సహా పాదాలు చూసుకోండి. అరికాలు మీకు కనపడకపోతే ఆమెను చూడమనండి.