నోట్లో నాలుక లేదంటున్నారు, సంఘం లీడర్‌గా ఉండగలనా?

ప్రశ్న: నా వయసు 34. పరకాల దగ్గర ఒక ఊరు మాది. ఇంట్లో మిషన్ కుడతాను. పన్నెండు మందిమి ఉన్న పొదుపు సంఘంలో ఆరేళ్లుగా లెక్కల పుస్తకం నేనే రాస్తున్నాను. ఈసారి అందరూ కలిసి నన్ను మొదటి లీడర్‌గా ఉండమంటున్నారు. నేను చిన్నప్పటి నుంచీ తక్కువే మాట్లాడతాను. పెళ్లికి పోయివస్తే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. జాకెట్ కొలతలకు వచ్చినవాళ్లు మాత్రం గంటసేపు కూర్చుని ఇంటి ముచ్చట్లన్నీ నాతో చెప్పుకుంటారు. మా ఆయన "నలుగుర్ల రెండు ముచ్చట్లు చెప్పరాదు, నీకెందుకు లీడర్‌గిరి" అంటున్నారు. మా అత్తమ్మ తొమ్మిదేళ్ల మా పాపను చూసి "ఇది గూడ అవ్వ లెక్కనే మూగది" అంటుంది. పాప ముందే అంటుంది. నేను ఒప్పుకోవాలా, వద్దా?

జవాబు: ఒప్పుకోండి. ఎందుకంటున్నానో చెప్తాను.

కొలతలకు వచ్చిన మనిషి గంటసేపు కూర్చుంటోందని మీరు మామూలుగా రాసేశారు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. చెప్పిన మాట గడప దాటదన్న నమ్మకం లేకపోతే ఏ ఆడమనిషీ ఇంటి బాధ బయటపెట్టదు. సంఘంలో ఎవరికి ఆస్పత్రి ఖర్చు మీదపడింది, ఎవరి పత్తి పైసలు ఇంకా రాలేదు, ఎవరు ఫీజుల కోసం తిరుగుతున్నారు, ఇవన్నీ మీకు తెలుసు. బ్యాంకు లింకేజీ లోను సంఘం మొత్తం పేరు మీద ఉంటుంది. ఒక్కరి కిస్తీ ఆగినా పన్నెండు మందికీ టెన్షనే. అలాంటప్పుడు మీటింగులో అందరి ముందు గట్టిగా అడిగే లీడర్ ఉంటే కిస్తీ కట్టలేని ఆమె తలదించుకుంటుంది, మళ్లీ నెల రాదు. మీరైతే ముందురోజే ఆమె ఇంటికి వెళ్లి, "ఎన్నడు కట్టగలవు అక్కా" అని అడిగి వస్తారు. ఆ పదకొండు మంది మిమ్మల్ని ఊరికే అడగలేదు.

మీలాంటివాళ్లను అంతర్ముఖులు అంటారు. కార్ల్ యూంగ్ అనే మనోవైద్యుడు 1921లో ఈ స్వభావం గురించి వివరంగా రాశాడు. ఇది జబ్బు కాదు. గుంపులో ఉన్నంతసేపూ మీ ఓపిక ఖర్చవుతుంది, ఒంటరిగా కూర్చుంటే తిరిగి వస్తుంది. భయం వేరు. మీటింగు అనగానే గుండె దడ, ముందురాత్రి నిద్ర లేకపోవడం, బ్యాంకుకు పోవాలంటేనే చెమటలు పట్టడం లాంటివి ఉంటే అది స్వభావం కాదు, తగ్గించుకోగలిగిన ఇబ్బంది. 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వ ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడతారు.

మన నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు సభల్లో జనాన్ని ఊపేసే వక్త కాదు. మౌనంగా ఉంటాడని ఆయన్ను ఎన్ని మాటలన్నారో! మెజారిటీ లేకుండా మొదలైన ప్రభుత్వాన్ని ప్రధానిగా 1991 నుంచి ఐదేళ్లూ నడిపింది ఆయనే. మీ ఆయనకు ఈ ముచ్చట చెప్పినా తప్పులేదు.

మీ ఆయనతో అత్తమ్మ ముందు వాదన పెట్టుకోకండి. రాత్రి అన్నాలయ్యాక ఆరేళ్ల లెక్కల పుస్తకం ముందు పెట్టి చెప్పండి: "నాకు మాట్లాడుడు తక్కువనే. ఇండ్ల ఒక్క రూపాయి తేడా రాలే. గందుకే అడుగుతుండ్రు. నువ్వు తోడుంటె చేస్త." బహుశా ఆయనకు మీరు నలుగురిలో నవ్వులపాలవుతారన్న భయం ఉందేమో. అదీ అడగండి.

ఊళ్లోని సంఘాలన్నీ కలిసే గ్రామ సమాఖ్య మీటింగుకు బాగా మాట్లాడే రెండో లీడర్‌ను వెంట తీసుకెళ్లండి. చెప్పాల్సిన మూడు విషయాలు కాగితం మీద రాసుకుని, మొదట్లోనే లేచి చదివేయండి. చివరిదాకా ఆగితే దడ పెరుగుతుంది. ఇంటికొచ్చాక ఒక గంట తలుపు దగ్గరేసుకుని మిషన్ ముందు కూర్చోండి, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది పాప సంగతి. తొమ్మిదేళ్ల పిల్ల పెద్దవాళ్ల నోటి నుంచి వచ్చింది నిజమే అనుకుంటుంది. రోజూ "మూగది" అని వింటే బళ్లో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తదు. పాప నిద్రపోయాక, "అత్తమ్మా, పిల్ల ముందట ఆ మాట అనకుండ్రి" అని మెత్తగానే, కానీ తప్పకుండా చెప్పండి. ఈ ఒక్క విషయంలో మీరు ఊరుకోకూడదు. చుట్టాలొస్తే పద్యం చెప్పమని పిల్లను నిలబెట్టడం కూడా ఆపండి.

బతుకమ్మ పండుగకు పాప ఆటలోకి దిగకపోతే చెయ్యి పట్టి లాగకండి. పొద్దున బతుకమ్మ పేర్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని గునుగు కట్టలు అందించమనండి. ఏ వరుస తర్వాత ఏ పువ్వు పెట్టాలో అత్తమ్మను చెప్పమనండి.