ఇరాక్ యుద్ధం చేసిన బుష్‌ను ఆఫ్రికాలో అంతగా ఎందుకు ఆదరించారు?

2008 ఫిబ్రవరిలో, పదవిలో చివరి ఏడాది, జార్జ్ బుష్ టాంజానియా వచ్చినప్పుడు నేను దార్ ఎస్ సలామ్‌లోనే ఉన్నాను. ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసేవాడిని. ఇరాక్ విషయంలో ఆయనను ఈనాటికీ క్షమించలేను. కానీ ఆ రోజు రోడ్డు పక్కన నిలబడింది లారీల్లో తరలించిన జనం కాదు. మా దగ్గర నెలనెలా మందులు తీసుకునేవాళ్లు వాళ్లలో ఎందరో ఉన్నారు.

ఎయిడ్స్ మందులు 1996 నుంచే సంపన్న దేశాల్లో ప్రాణాలు నిలుపుతున్నాయి. ఆఫ్రికా సంగతి 2003 జనవరి 28న అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో బుష్ స్వయంగా చెప్పారు: వెంటనే మందు కావలసినవారు 40 లక్షల పైచిలుకు, అందుతున్నది 50 వేల మందికి. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు ఇస్తామని ఆ ప్రసంగంలోనే ప్రకటించారు. అదే పెప్ఫార్. 2008 సెప్టెంబరు నాటికి దాని సాయంతో 20 లక్షల మందికి పైగా మందు వాడుతున్నారు.

ఆ 20 లక్షల్లో ఒకామె నాకు బాగా గుర్తు. కుట్టుపని చేసుకునే మనిషి. 2006లో వాళ్ల అన్న వీపు మీద మోసుకొచ్చాడు. తర్వాత ప్రతి నెలా పాత సీసా వెంట తెచ్చేది. రోజుకు రెండు చొప్పున నెలకు అరవై మాత్రలు. మిగిలినవి పళ్లెంలో పోసి లెక్కపెట్టేవాడిని, ఒక్క పూట తప్పినా తెలియాలని. ఆమె ఎన్నడూ తప్పలేదు. ఆరో నెలలో దాలాదాలా ఎక్కి (అక్కడి చిన్న బస్సు) ఒంటరిగా వచ్చింది. సీసా మీద చిన్న అక్షరాల్లో ‘హైదరాబాద్, ఇండియా’ అని ఉంటే, ఇది మా ఊరు అని చూపించాను. ఆమె ఆ అక్షరాలను బొటనవేలితో తడిమి చూసింది. ఆ క్షణం నాకు కళ్లు చెమర్చాయి.

ఆ సీసా వెనుక పెద్ద కథే ఉంది. పేరున్న కంపెనీల మందుకు మనిషికి ఏడాదికి పది వేల డాలర్లకు పైగా అయ్యేది. 2001లో మన సిప్లా 350 డాలర్లకే ఇస్తామంది. పెప్ఫార్ మొదట్లో బ్రాండు మందుల వైపే మొగ్గింది. విమర్శలు వచ్చాక 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జెనెరిక్‌లను త్వరగా పరిశీలించే పద్ధతి తెచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి హైదరాబాద్‌కు చెందిన అరబిందో వంటి సంస్థల మందులకు దారి తెరుచుకుంది. అదే డబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ మందికి సరిపోయింది. బుష్‌ను మెచ్చుకునేటప్పుడు మన కార్మికులనూ తలచుకోవాలని నా పట్టుదల.

తప్పులు లేవా అంటే, ఉన్నాయి. నివారణకు ఇచ్చిన సొమ్ములో మూడో వంతు పెళ్లిదాకా బ్రహ్మచర్యం అన్న బోధకే ఖర్చు చేయాలని చట్టంలో రాశారు. మా కుట్టుపని ఆవిడకు జబ్బు వచ్చింది కట్టుకున్న భర్త నుంచే. ఆమెకు ఆ బోధ ఏం మేలు చేస్తుంది? 2008 జులైలో 4,800 కోట్ల డాలర్లతో చట్టాన్ని పొడిగించినప్పుడు ఆ నిబంధనను సడలించారు. అప్పటికి ఐదేళ్లు గడిచిపోయాయి.

మలేరియా మీద కూడా 2005లో 120 కోట్ల డాలర్ల పథకం పెట్టారు. మొదటి మూడు దేశాల్లో టాంజానియా ఒకటి. మందు పూసిన దోమతెర చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లే గర్భిణులను ప్రతి వారం చూసేవాడిని.

మందుల గదిలో నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎన్ని నెలల నిల్వ ఉంది? ఈ మాత్రలు ఆగితే వైరస్ తిరిగి పెరుగుతుంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసిందని వార్త చూసి, అక్కడే ఉన్న పాత సహోద్యోగికి ఫోను చేశాను. పలకరింపులు కూడా గుర్తు రాలేదు. ఎన్ని నెలల నిల్వ ఉంది అనే అడిగాను.