స్కోప్‌కి ఫోన్ బిగించే ముందు

చిరంజీవి వంశీకి,

మామయ్య ఆశీస్సులు. దూరంలోని పక్షుల్ని దగ్గరగా చూపే స్పాటింగ్ స్కోప్‌కి ఫోన్ బిగించి పులికాట్‌లో నువ్వు తీసిన వీడియో మూడుసార్లు చూశాను. రాజహంసలు బారులు తీరి ఉన్నాయి కానీ చుట్టూ నల్లటి వలయం, మధ్యలో బొమ్మ నీళ్లలో నీడలా ఊగిపోతోంది. దిగులు పడకు. మొదటి ఏడాది నేను తీసినవన్నీ ఇలాగే ఉండేవి.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. టెక్సస్‌లో నీ స్నేహితుడు షూటింగ్ రేంజ్‌లో రైఫిల్ స్కోప్‌కి ఫోన్ బిగించి వీడియోలు తీస్తున్నాడు, అలాంటిదే కొని పక్షులకు వాడనా అన్నావు. వద్దురా. తుపాకీ పేలగానే వెనక్కి తంతుంది కాబట్టి, కన్ను మూడు నాలుగు అంగుళాల దూరంలో ఉండేలా ఆ స్కోప్ తయారు చేస్తారు. ఫోన్‌ని కూడా అంత వెనక్కి జరిపి బిగించాలి. కాస్త పక్కకి జరిగిందా, బొమ్మే ఉండదు. పైగా పక్షి మీద ఎప్పుడూ గురి గీతలు కనిపిస్తూనే ఉంటాయి, నాకది చూడబుద్ధి కాదు. శ్రీహరికోట రోడ్డు మీద తుపాకీ స్కోప్ పట్టుకుని నిలబడితే సెక్యూరిటీ వాళ్లు ఆపి అడుగుతారు, అడగాలి కూడా. నువ్వు అరువు తెచ్చుకున్న స్పాటింగ్ స్కోప్‌లాంటిదే సొంతానికి కొనుక్కో.

ఇక ఆ నల్లటి వలయం సంగతి. స్కోప్‌ని సూర్యుడు లేని వైపు ఆకాశానికి తిప్పి, ఐపీస్‌కి, అంటే కన్ను పెట్టి చూసే అద్దానికి, మూరెడు దూరం నుంచి చూడు. మధ్యలో చిన్న తెల్లటి చుక్క కనిపిస్తుంది. వెలుతురంతా బయటికి వచ్చేది ఆ చుక్కలోంచే. స్కోప్ ముందువైపు అద్దం వెడల్పుని జూమ్‌తో భాగిస్తే ఆ చుక్క సైజు వస్తుంది. 80 మిల్లీమీటర్ల అద్దానికి 20 రెట్ల జూమ్ దగ్గర 4 మిల్లీమీటర్లు, 60 దగ్గరైతే 1.3 మాత్రమే. 60కి తిప్పగానే బొమ్మ మసకబారేది అందుకే. నువ్వు 20, 25 దాటకు. ఫోన్ లెన్స్ సరిగ్గా ఆ చుక్క మీద కూర్చోవాలి. మెయిన్ కెమెరా మాత్రమే వాడు, ఫోన్ తనంతట తాను ఇంకో లెన్స్‌కి మారకుండా సెట్టింగ్స్‌లో లాక్ చెయ్యి. ఫోన్‌లో ఒకటిన్నర, రెండు రెట్లు జూమ్ చేస్తే మిగిలిన వలయం పోతుంది.

ఫోన్‌ని స్కోప్‌కి బిగించే అడాప్టర్ దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడకు. ఒక దుకాణంలో చవగ్గా దొరికిందని ప్లాస్టిక్‌ది కొన్నాను. మార్చి ఎండకి దాని మర వదులై, గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలో తల దూర్చిన క్షణాన ఫోన్ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆ సీజన్‌లో మళ్లీ అంత దగ్గరగా నాకు ఆ దృశ్యం దొరకలేదు. లోహంతో చేసింది తీసుకో, అరగంటకోసారి మర బిగించుకో.

బొమ్మ ఊగడం నీ చేతి తప్పు కాదు. ఎండెక్కాక నీటి మీంచి, మట్టి మీంచి లేచే వేడిగాలి అది. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచేయలేదు. నీ వీడియోలో నీడలు చూస్తే పదిన్నర దాటినట్టుంది. తెల్లవారగానే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించు, సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి. ట్రైపాడ్ కాళ్లు తక్కువ ఎత్తులో పెట్టి కింద సంచీ వేలాడదీయి. రికార్డ్ బటన్ వేలితో నొక్కకు, బ్లూటూత్ రిమోట్ చాలు. ఫోన్ తెరలో పక్షి మీద వేలితో నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేసి, వెలుతురు కొద్దిగా తగ్గించు. వెలుతురు ఎక్కువై తెల్లటి రెక్క ఒకసారి తెల్లగా కాలిపోయిందంటే ఎడిటింగ్‌లో ఈకలు తిరిగి రావు.

ఎప్పుడూ 4కేలోనే తియ్యి. 3840 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది కాబట్టి, 1920 వెడల్పు వీడియోగా చేసేటప్పుడు సగం వరకు దగ్గరికి లాగినా నాణ్యత పోదు. ఎగిరే పక్షులకి సెకనుకి 60 ఫ్రేములు పెట్టుకుంటే, ఎడిటింగ్‌లో 30 ఫ్రేముల వీడియోగా చేసి సగం వేగానికి తగ్గించినా సాఫీగా ఉంటుంది. రెక్క దించేటప్పుడు చివరి ఈకలు ఎలా విచ్చుకుంటాయో అప్పుడు తెలుస్తుంది.

ఎడిటింగ్‌కి కంప్యూటర్‌లో డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ నీకు సరిపోతుంది. తెల్లటి పక్షుల అంచున ఊదారంగు గీత వస్తుంది, ఆ ఒక్క రంగునే తగ్గించు, మిగతావి ముట్టుకోకు. రాజహంసలు అందంగా కనిపించాలని గులాబీ రంగు పెంచేశావు చూడు, అది నాకు నచ్చలేదు. పాట కూడా తీసెయ్యి. ఫోన్ మైకులో గాలి హోరు తప్ప ఏమీ రాదు కాబట్టి, రెండో ఫోన్‌కి స్పాంజి చుట్టి గాలి తగలని చోట పెట్టి పది నిమిషాలు అక్కడి చప్పుడే రికార్డ్ చేసుకో.

షాట్‌ని మూడు సెకన్లకి కోసెయ్యకు నాయనా. ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగ ఒకటి పిల్లల మీద రెక్కలు సగం విప్పి గొడుగులా నిలబడింది. ఎండ జరిగినకొద్దీ తానూ జరిగింది. నలభై నిమిషాల ఫుటేజీలో ఒకటిన్నర నిమిషం ఉంచుకున్నాను. ఆ జరగడం కనిపించాలంటే అంత నిడివి కావాలి. ఒక రోజు తీసిన గూటిని ఇంకో రోజు తీసిన పిల్లలతో కలిపి ఒకే కథలా అతికించకు. చూసేవాడు నమ్మేస్తాడు.

అభయారణ్యాల్లో వీడియో తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, నేలపట్టు వెళ్లే ముందు కనుక్కో. గూడు ఉన్న చోటు, లొకేషన్ ఎక్కడా పెట్టకు. పక్షి తల ఎత్తి నీ వైపే చూస్తోందంటే నువ్వు ఎక్కువ దగ్గరికి వెళ్లావని అర్థం, వెంటనే వెనక్కి రా.

వచ్చే ఆదివారం గుంటూరు రా. అయిదింటికల్లా బయలుదేరి ఉప్పలపాడు వెళదాం. అక్కడ పక్షులు దగ్గరగా ఉంటాయి, చేయి తిరగడానికి మంచి చోటు. ఆ పులికాట్ ఫుటేజీ ఎడిట్ చేయనిది పెన్‌డ్రైవ్‌లో తీసుకురా. మొదటి పది సెకన్లలో కుడివైపు ఒక రాజహంస తల నీళ్లలో తలకిందులుగా పెట్టి మేస్తోంది, దాన్ని ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య