ముందు అక్కకు ఫోన్ చెయ్యి

ప్రశ్న: నేను 25 ఏళ్ల అబ్బాయిని. మాది నెల్లూరు వైపు. నాన్న వ్యాపారం వల్ల 30 ఏళ్లుగా చెన్నై అరుంబాక్కంలో ఉంటున్నాం. నాకు ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా ఒకతన్ని ప్రేమిస్తున్నాను. వాళ్లది హక్కా చైనా కుటుంబం, ఇక్కడ చిన్న చైనీస్ హోటల్ ఉంది. వాళ్ల నాయనమ్మ చిన్నప్పుడు, 1962లో, అస్సాం నుంచి దేవ్‌లీ క్యాంపుకు వెళ్లిన మనిషి. వాళ్లింట్లో మా సంగతి నోటితో ఎవరూ అనరు. కానీ ఆంటీ నా గిన్నెలో వేసే చేప ముక్క చూస్తే వాళ్లకు తెలుసని తెలుస్తుంది. ఫిబ్రవరి 16 రాత్రి వాళ్ల కొత్త సంవత్సరం ముందు భోజనానికి మా అమ్మానాన్నలను కూడా పిలిచారు. మా ఇంట్లో అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పొద్దని తనతో ఒట్టు వేయించుకున్నాను. కావలిలో ఉన్న మామయ్య తన కూతురిని నాకే అనుకుంటున్నాడు. అక్క రెండేళ్లుగా ఏదో ఒకటి చెప్పి ఆపుతోంది. ఆ కోపంతో మామయ్య అక్క పాప అన్నప్రాశనకు కూడా రాలేదు. అది వేరే విషయం. నా ప్రశ్న ఏమిటంటే, అమ్మ పులుసు తప్ప చేపను ఇంకోలా తినదు. వాళ్ల ఆవిరి చేప ఆమెకు నచ్చేలా ఎలా చేయించాలి? మా విషయం భోజనానికి ముందు చెప్పాలా, తర్వాతా?

జవాబు: ‘అది వేరే విషయం’ అని ఒక్క ముక్కలో తీసేశావే, నీ ఉత్తరంలో అసలు విషయం అదే. వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు.

అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. భోజనానికి ముందూ వద్దు, తర్వాతా వద్దు. ఆ రాత్రికి అమ్మానాన్నలను తీసుకెళ్లనే వద్దు. క్యాలెండర్ చూశావా? ఫిబ్రవరి 15 శివరాత్రి. ఉపవాసం, జాగారం చేసిన తల్లి మర్నాడు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? 16 సోమవారం. ఆ పూట చాలా ఇళ్లలో నీచు ముట్టరు. పొద్దుగూకేసరికి అమావాస్య. చైనా వాళ్ల కొత్త సంవత్సరం అమావాస్యతోనే మొదలవుతుంది, వాళ్లకది శుభం. మీ అమ్మకు కాదు. నిద్రలేని కళ్లతో ఉన్న మనిషిని ఎరగని వాళ్ల మధ్య కూర్చోబెట్టి ఇంత మాట చెబితే ఆవిడ మళ్లీ ఆ గడప తొక్కదు.

వాళ్ల వైపు నుంచీ చూడు. ఆ భోజనం వాళ్లకు ఏడాదిలో అన్నిటికంటే పెద్దది, ఎక్కడెక్కడి పిల్లలూ ఇల్లు చేరతారు. చేపను తల, తోక తీయకుండా నిండుగా వండి, తల పెద్దవాళ్ల వైపు తిప్పి పెడతారు. చైనా భాషలో చేప, మిగులు అనే రెండు మాటలూ ఒకేలా పలుకుతాయి కనుక కొంచెం మిగల్చడం ఆనవాయితీ. ఏడుపు, పోట్లాట, అశుభం మాట ఆ పండగపూట ఇంట్లో వినపడకూడదని జాగ్రత్త పడతారు. ఆ బల్ల దగ్గర్నుంచి మీ అమ్మ కళ్లనీళ్లతో లేచి వెళ్లిపోతే ఏడాది పొడుగునా వాళ్ల మనసులో ముల్లు. పైగా ఆ నాయనమ్మ. 1962 చైనా యుద్ధమప్పుడు దాదాపు 3,000 మంది చైనా సంతతివాళ్లను ఇళ్ల నుంచి తీసుకెళ్లి రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో నిర్బంధించారు. పసితనంలో అది చూసిన మనిషికి గుమ్మం ముందు కేకలు వినపడితే ఏం గుర్తుకొస్తుందో ఆలోచించు.

కనుక నువ్వొక్కడివే వెళ్లు. నారింజలు జతలుగా, ఎనిమిది పట్టుకెళ్లు. నాలుగు వద్దు, వాళ్ల భాషలో ఆ అంకె చావు అన్న మాటలా వినిపిస్తుంది. మంచిదని మల్లెలో తెల్ల చామంతులో తీసుకెళ్లేవు, తెల్లపూలు వాళ్లలో చావింటికి. తినే పుల్లలను (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చకు, పోయినవాళ్లకు అగరొత్తులు గుచ్చినట్టుంటుంది. డబ్బు పెట్టిన ఎర్ర కవరు ఇస్తే రెండు చేతులా తీసుకో, వాళ్ల ముందు విప్పకు. ఆ కవర్లు పెళ్లైనవాళ్లు పెళ్లికానివాళ్లకు ఇచ్చేవి. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు మీలాంటి జంటలకు పెళ్లి హక్కు ఇవ్వలేమంది కనుక, మీ ఇద్దరూ ఇంకా ఎన్నేళ్లు పుచ్చుకునే వైపే ఉంటారో తలుచుకుంటే నాకు కష్టంగానే ఉంది.

ఇక అక్క. రెండేళ్లుగా మామయ్య ముందు అబద్ధాలాడుతున్నది ఎవరు? వాడు పైచదువులకు వెళ్తాడట, ఈ ఏడు వాడికి బాగోలేదట, జాతకం ఇంకొకరికి చూపిద్దాం... ఇలాంటివేగా ‘ఏదో ఒకటి’ అంటే? ఆయన దృష్టిలో మేనరికానికి అడ్డుపడుతున్నది నువ్వు కాదు, ఆమె. పెళ్లై వెళ్లిన ఆడపిల్లకు పుట్టింట్లో ఉండేది చనువు. అది పోతే పండక్కి వచ్చినా చుట్టంలా కూర్చుని వెళ్లాలి. నీ కోసం ఆమె ఆ చనువును రోజుకింత చొప్పున పోగొట్టుకుంటోంది. మీ అమ్మ తోడబుట్టిన మామయ్యే పాప అన్నప్రాశనకు రాకపోతే అత్తింటివాళ్లు ఊరుకున్నారంటావా? బావ అడిగితే ఒట్టు నోటికి అడ్డంపెట్టుకుని ఏం చెప్పి ఉంటుంది? ఆ పీట దగ్గర కూర్చుని పాపకు ముద్ద తినిపించాల్సిన మేనమామవు నువ్వు. పక్కనే ఉండి కూడా నీకది వేరే విషయంలా కనిపించింది.

భయపడి దాచుకోవడం తప్పని నేననను. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో నీ ఇష్టం. కానీ దాని ఖర్చు తోబుట్టువు నెత్తిన వేసే హక్కు నీకు లేదు. ఇంకోటి కూడా చెబుతాను విను. నిజం బయటపడ్డ రోజు అమ్మ కోపం ముందుగా అక్క మీదికే వెళ్తుంది. నువ్వు ఇలా ఉన్నందుకు నిన్నేమనాలో ఆవిడకు తెలియదు. ‘నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదా’ అని కూతుర్ని నిలదీయడం మాత్రం తెలుసు. ఆ దెబ్బకు నువ్వు ముందే అడ్డం నిలబడాలి.

ఈ వారంలోనే అక్కకు ఫోన్ చెయ్యి, బావ ఆఫీసులో ఉండి, పాప నిద్రపోయే వేళ చూసి. ‘ఏం చేద్దామే’ అని మొదలుపెట్టకు. అలా అంటే పని మళ్లీ ఆమె చేతికే వెళ్తుంది. ఇలా చెప్పు: ‘నావల్ల నీకు జరిగింది ఇప్పుడు అర్థమైంది. ఇవాళ్టి నుంచి నా పెళ్లి గురించి ఎవరడిగినా నన్నే అడగమని చెప్పు. ఫిబ్రవరి 21న అమ్మకు చెబుతున్నాను, ఆ మర్నాటి నుంచి నీకు ఒట్టు లేదు, బావకు చెప్పుకో.’ ఆమె ఏడ్చినా, తిట్టినా, వద్దని బతిమాలినా విను. తేదీ మాత్రం మార్చకు.

ఆ 21 శనివారం. పండగలు వెళ్లిపోతాయి, నాన్న షాపుకు వెళ్తారు. టిఫిన్లు అయ్యాక అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూనో, ఆకుకూర బాగుచేస్తూనో కూర్చున్నప్పుడు నువ్వూ కూర్చుని చెయ్యి కలుపు. చేతులకు పని ఉంటే కళ్లలోకి చూడాల్సిన ఇబ్బంది ఇద్దరికీ ఉండదు. ఫోన్లో చెప్పకు, అతన్ని వెంటబెట్టుకుని చెప్పకు, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని అసలే చెప్పకు. స్వలింగ సంపర్కం అనే పేపరు మాట వాడకు. తల్లి చెవికి అందులో సంపర్కమే వినపడుతుంది, నువ్వు వినపడవు. ‘అమ్మా, నాకు ఆడపిల్లల మీద అలాంటి ఇష్టం ఎప్పుడూ కలగలేదు. ఒక అబ్బాయిని ప్రేమించాను, మూడేళ్లయింది. మరదలిని చేసుకోను.’ అంతే చెప్పి ఆగు. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఆవిడ మౌనం భరించలేక గంటసేపు వివరణ ఇస్తారు, యూట్యూబ్ వీడియోలు చూపిస్తారు. ఆవిడకు ఊపిరి తీసుకునే సందు ఉండదు.

కాసేపటికి ప్రశ్నలు వస్తాయి. ‘నిన్నెవరైనా పాడుచేశారా?’ అంటుంది. లేదని నెమ్మదిగా చెప్పు, కోపం తెచ్చుకోకు. ఆవిడ వెతుకుతున్నది తన పెంపకంలో తప్పు ఎక్కడ జరిగిందని. ‘డాక్టరుకు చూపిద్దాం’ అంటుంది. ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే ప్రకటించింది. ఆ ఏడాది సెప్టెంబర్ 6నే సుప్రీంకోర్టు ఇది నేరం కాదంది. నిన్ను మారుస్తాననే వైద్యాన్ని 2021 జూన్ 7న మీ మద్రాస్ హైకోర్టే నిషేధించమంది, 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని డాక్టర్ల వృత్తి దోషంగా తేల్చింది. ఇన్ని తేదీలూ అమ్మకు అప్పజెప్పనక్కర్లేదు, నీ మాట గట్టిగా ఉండడానికి నీకు తెలిస్తే చాలు. నీకు డాక్టరు వద్దు. ఆవిడకు తన దుఃఖం చెప్పుకోవాలనుంటే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ నంబరు టెలిమానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

‘రేపు మంచాన పడితే నీకెవరు?’ ఇది మాత్రం తల్లి అడగాల్సిన ప్రశ్నే, దీనికి కబుర్లతో జవాబు చెప్పకు. మీ ఇద్దరూ బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవొచ్చు, అతన్ని నామినీగా పెట్టొచ్చు. అందుకు అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాడే, హక్కుదారు కావాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాయాలి. మానసిక చికిత్స అవసరమైతే నీ తరఫున ఎవరు మాట్లాడాలో, మానసిక ఆరోగ్య చట్టం కింద తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టినా చెల్లుతుంది. ఇవన్నీ ఇప్పుడే చెయ్యమనడం లేదు, దారి ఉందని ఆవిడకు తెలియాలి.

చివరికి ‘ఇంకెవరికి తెలుసు?’ అంటుంది. అప్పుడు గుటకలు మింగకు. ‘అక్కకు తెలుసు. చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. మామయ్యతో ఆమె అన్నవన్నీ నా కోసం అన్నవి. తిట్టాలంటే నన్ను తిట్టు.’

అమ్మ అన్నం మానేయొచ్చు. నువ్వు మానేయకు. ఇద్దరూ మానేస్తే ఎవరు ముందు తింటారనే పంతం మిగులుతుంది. కంచంలో వడ్డించి మూతపెట్టి పక్కన ఉంచి నీ గదిలోకి వెళ్లు. రెండో రోజుకో మూడో రోజుకో అక్కకు ఫోన్ చేసి ‘కాస్త అమ్మకు నచ్చజెప్పవే’ అనాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే నిన్ను నువ్వు పట్టుకో.

నాన్నకు మర్నాడు ఆదివారం నువ్వే చెప్పు. అమ్మ చెబుతుందిలే అని వదిలేస్తే అక్క మీద మోపిన బరువు అమ్మ మీదికి మార్చినట్టే. మామయ్య దగ్గరికి మార్చి 1 ఆదివారం కావలి రైలెక్కు. ఆయనకు నీ జీవితం మొత్తం విప్పి చెప్పాల్సిన పనిలేదు. ‘మరదలిని చేసుకోను, మొదటి నుంచీ ఇది నా నిర్ణయమే, అక్క ఆడిన మాటలు నావే’ అంటే చాలు. ‘ఇంకో ఏడాది చూద్దాం’ అని మాత్రం నోరు జారకు. అక్కడో ఆడపిల్ల నీ పేరు చెప్పుకుని ఎదురుచూస్తోంది.

చెయ్యి చేసుకునే ఇల్లైతే ఈ లెక్క వేరు. సర్టిఫికెట్లు, ఆధార్, పాస్‌పోర్టు, మూడు నెలల ఖర్చు ముందే నీ దగ్గర పెట్టుకో. నాలుగు రోజులు తలదాచుకోవడానికి స్నేహితుడి గది చూసి ఉంచుకో. అతని హోటల్ పైగదికి మాత్రం వెళ్లకు, వెతుక్కుంటూ వచ్చేవాళ్లు అక్కడికే వస్తారు.

చేప సంగతి. ముందు అక్క ఇంట్లో వండు, ఒక ఆదివారం నువ్వే వెళ్లి. ముప్పావు కిలో పండుగప్ప, అక్కడి మార్కెట్లో కొడువ అంటే ఇస్తారు, తలతో సహా శుభ్రం చేయించు. రెండు పక్కలా ముల్లు దాకా మూడేసి గాట్లు పెట్టి, తడి లేకుండా తుడువు. పసుపు, ఉప్పు పట్టించకు. ముందే ఉప్పు పెడితే నీరు వదిలి కండ గట్టిపడుతుంది. పళ్లెంలో అల్లం చెక్కలు, ఉల్లికాడలు పరిచి దాని మీద పెడితే కింద కూడా ఆవిరి ఆడుతుంది. ఆవిరి గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా పళ్లెం అందులో పెట్టి మూతపెట్టు, పెద్ద మంట మీద 10 నిమిషాలు, కట్టేశాక 2 నిమిషాలు. కన్ను తెల్లబడి ఉబికితే ఉడికినట్టు. ఆపైన ఉంచితే పీచు. పళ్లెంలో చేరిన నీళ్లు పూర్తిగా వంపేయి, పులుసు తినే మనిషికి నచ్చని నీచు వాసనంతా అందులోనే ఉంటుంది. సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు చల్లి, పొగ వచ్చేలా కాచిన నూనె మూడు చెంచాలు పొయ్యి. చుయ్యిమనకపోతే నూనె కాగలేదని అర్థం. లైట్ సోయా సాస్ రెండు చెంచాలు, అర చెంచా చక్కెర, రెండు చెంచాల వేడినీళ్లు కలిపి పక్కల నుంచి వంచు, డార్క్ సోయా వద్దు. పులుపు కావాలంటే పచ్చిమిరప, నిమ్మరసం గిన్నెలో విడిగా పెట్టు, చింతపండు దగ్గరికి రానివ్వకు. పళ్లెం బల్ల మీద పెట్టేటప్పుడు తల అక్క వైపు తిప్పి పెట్టు.